ఆగితే గీయని సోమనర్సయ్య సారు

బొమ్మ గీసేవాడు ఎవడైనా ఎదుటి మనిషిని "కదలకు" అంటాడు. జనగామలో సోమనర్సయ్య సారు ఒక్కడే "ఆగకు" అంటాడు. మనిషి నడుస్తుండాలి, ఉరుకుతుండాలి, ఏదీ కాకపోతే పంటి సందున ఇరికిన కొబ్బరి ముక్క కోసం నాలుకైనా తిప్పుతుండాలి. ఆగాడా, సారు పెన్సిల్ కూడా ఆగుతుంది. ఆగినవాడు ఎంతటివాడైనా సరే, ముందున్న విస్తరి లాగేసుకున్నవాణ్ని చూసినట్టు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు.

ఈ సంగతి కళ్యాణికి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. బస్టాండుకు ఎదురుగా ఆమెది చిన్న టిఫిన్ హోటల్. పొద్దున్నే సారు వచ్చి రోడ్డుకు దగ్గరగా ఉన్న బల్ల మీద కూర్చుంటాడు. దోశ చెబుతాడు గాని ధ్యాస దోశ మీద ఉండదు. ఒక చేతిలో అట్ట, అట్టకు క్లిప్పుతో బిగించిన తెల్ల కాగితాలు, ఇంకో చేతిలో పొట్టి పెన్సిల్. బస్సు ఆగేలోపు దిగేవాళ్లను, కదిలేలోపు ఎక్కేవాళ్లను గీసి పారేస్తాడు. ఆ బొమ్మలకు ముఖాలుండవు. కళ్లూ ముక్కూ దిద్దేంతసేపు ఎవరూ ఎదురుగా ఉండరని సారు వాదన. నాలుగు గీతలు, ఒక వంపు, కింద ఇంకో రెండు గీతలు, అంతే. అయినా చూసినవాళ్లు ఠక్కున "గీమె మన పాలకేంద్రం అక్క గద" అంటారు.

"దోశ సల్లారింది సారూ" అంటుంది కళ్యాణి.

"దోశ యాడికి పోదు బిడ్డా. గామె పోతది" అంటాడు సారు, నెత్తిన మూటతో బస్సు వెంట పడ్డ ఆడమనిషి మీద నుంచి కన్ను తీయకుండా.

ఈ పిచ్చికి ఒక కారణం ఉంది. సారు పెద్దవంగర బడిలో డ్రాయింగ్ మాస్టరుగా చేశాడు. సర్వీసంతా పిల్లలతో గీయించింది ఒకటే బొమ్మ. కుండ, కుండ పక్కన మామిడికాయ. పిల్లలు మారారు, మామిడికాయ మారింది, కుండ మాత్రం అదే. రిటైరైన రోజు శాలువా కప్పి నాలుగు మాటలు మాట్లాడమంటే సారు మైకు పట్టుకొని అన్నాడట. "ఇన్నేండ్లు కుండ నన్ను సూసింది, నేను కుండను సూసిన. ఇద్దరం గట్లనే ముసలోళ్లమైనం. ఇగ సచ్చేదాంక కదిలేటిదాన్నే గీస్త." ఆయన ఇంకేం మాట్లాడతాడోనని భయపడి మైకు లాక్కోవడానికి పరుగెత్తుకొచ్చిన హెడ్‌మాస్టరే ఆయన గీసిన మొదటి కదిలే మనిషి. ఆ బొమ్మ బాగా కుదిరిందని పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

అప్పటి నుంచి జనగామలో సారుకు దండం పెట్టాలన్నా ఎవరూ ఆగరు. "నమస్తే సారూ" అంటూ నడుస్తూనే పోతారు. ఆగి పలకరిస్తే ఆయనకు కోపం వస్తుందని అందరికీ తెలుసు. మేనకోడలు తనూజ తన పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చి, బస్టాండులో ఆయన చుట్టూ తిరుగుతూ వరుడి పేరు, ముహూర్తం, ఫంక్షన్ హాలు చిరునామా చెప్పి, తిరుగుతూనే వెళ్లిపోయింది. పెండ్లికి సారు వెళ్లాడు. ఫొటోగ్రాఫరు అందరినీ నిలబెట్టి నవ్వమంటుంటే, సారు మాత్రం భోజనాల దగ్గర, ఎవరి కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని తినేవాళ్ల వెనక కాచుకొని నిలబడ్డ బంధువుల తహతహను గీశాడు. ఆ బొమ్మ చూసి పెండ్లికొడుకు మేనమామ ఇప్పటికీ సారుతో మాట్లాడడు.

ఇంట్లో రాములమ్మ గోస ఇంకో రకం. ఆమె సారు భార్య. కోపం వచ్చి గరిటె పట్టుకొని నాలుగు దులుపుదామని వస్తే, సారు పెన్సిల్ తీసి "గా చెయ్యి గట్లనే ఇంకోపారి లేపు" అంటాడట. "ఏమని తిడుతున్ననో నాకే యాది లేకుంట పోతది. గీ మనిషితోని కొట్లాట గూడ కడదాంక సాగదు కళ్యాణీ" అని ఆమె అప్పుడప్పుడు హోటల్‌కు వచ్చి మొరపెట్టుకుంటుంది. కళ్యాణి ఆమెకు చాయ పోసి ఊరడిస్తుంది. ఆ చాయ ఊదుకుంటుండగా సారు ఆమెను గీసేస్తాడు.

ఒకసారి మానుకోట దగ్గరి తండా మనిషి సేవ్యా బస్సు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టుకున్నాడు. రద్దీలో అందరూ చేసే పనే. కాని సేవ్యా వేసిన తీరు సారుకు నచ్చింది. ఒంటికాలి మీద లేచి, నడుం విల్లులా వంచి, వల విసిరినట్టు విసిరాడు. సారు సగం గీత దగ్గర ఉండగా అది అయిపోయింది. పరుగున వెళ్లి భుజం పట్టుకున్నాడు.

"తమ్మీ, జర ఇంకోపారి ఎయ్యవా."

"తువ్వాల లోపటున్నది సారూ."

"ఉత్త చెయ్యే ఎయ్యి. తువ్వాల ఉన్నదనుకొని ఎయ్యి."

సేవ్యా మంచివాడు. పెద్దమనిషి అడిగాడని వట్టి చెయ్యి విసిరాడు. సారుకు మోచెయ్యి కుదరలేదు, మళ్లీ విసిరాడు. ఈసారి కుదిరింది. తిరిగి చూస్తే బస్సు లేదు.

"తువ్వాలకు సీటు దొరికింది, నాకు దొరకలే" అన్నాడు సేవ్యా దిగాలుగా. సారు అతణ్ని హోటల్‌కు తీసుకొచ్చి ఇడ్లీ, వడ, దోశ వరసగా తినిపించి, తర్వాతి బస్సులో తానే తోసి తోసి సీట్లో కూర్చోబెట్టాడు. కూర్చున్నాక మాత్రం గీయలేదు. కూర్చున్నవాడితో తనకు పని లేదన్నాడు.

ఇక శ్రీపాల్ ముచ్చట జనగామంతా ఎరిగిందే. చిల్పూరు వైపు భూములున్న ఇంటి మనిషి. సర్పంచికి పోటీ చేయాలని కోరిక పుట్టింది. అందరూ ఫ్లెక్సీ మీద ఫొటో వేయించుకుంటారు, తాను పెన్సిల్ బొమ్మ వేయించుకుంటే కొత్తగా ఉంటుందని, ఇస్త్రీ చొక్కా తొడిగి, నల్ల కళ్లద్దాలు పెట్టి, కారు దిగి హోటల్ ముందు చెయ్యెత్తి నిలుచున్నాడు.

"ఎలక్షన్ల నిలబడుతున్న సారూ. జర మంచి బొమ్మ గియ్యుండ్రి."

"నిలబడ్డోళ్లను నేను గీయ."

"నడుస్త. నడిస్తే గీస్తరా" అని శ్రీపాల్ కారు దాకా పోయి వచ్చాడు. పొట్ట లోపలికి, గడ్డం పైకి, అడుగులో అడుగు.

"గిది నడక కాదు, ఊరేగింపు" అన్నాడు సారు. "నువ్వు నడు, నీ ఫ్లెక్సీని నడిపియ్యకు."

శ్రీపాల్‌కు మండింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తన వంశం గురించి ఏదో చెప్పబోయాడు. ఈలోపు రేకుల మీద నుంచి ఒక కోతి దిగి ఆ కళ్లద్దాలు పట్టుకొని పోయింది. కాబోయే సర్పంచి ఒక చేత్తో తెల్లపంచె మోకాళ్ల పైకెత్తి, ఇంకో చేత్తో వడ చూపిస్తూ, బతిమాలుతూ, తిడుతూ బస్టాండంతా ఉరికాడు. ఆయన తిరిగొచ్చేసరికి బొమ్మ సిద్ధంగా ఉంది. దాన్ని ఫ్లెక్సీ మీద వేయలేదని వేరే చెప్పనవసరం లేదు. కాని ఆయన భార్య కమలాదేవి దాన్ని అద్దం కట్టించి హాల్లో పెట్టుకుంది. "పెండ్లయిన కొత్తల మా ఆయన గిట్లనే ఉండె. మల్ల గిప్పుడే సూసిన" అన్నదట.

ఆ మాట చెవిన పడ్డ రోజున కళ్యాణి సారును పట్టుకుంది. "నిలవడ్డోళ్లను గీస్తే ఏం పోతది సారూ" అని అడిగింది.

"నిలవడితే ఎట్ల కనవడాల్నో మనిషికి ఎర్క బిడ్డా. నడిచేటప్పుడు గా సంగతి మర్శిపోతడు. గప్పుడే మనకు దొరుకుతడు."

ఆ మాటలో ఏదో ఉందనిపించింది కళ్యాణికి. అదేమిటో తేల్చుకునేలోపు పెనం పొగ చిమ్మింది. ఆమె తన పనిలో పడింది.

కళ్యాణి తండ్రి ఎల్లస్వామి మార్కెట్ యార్డులో హమాలీ. వీపు మీద మక్కల బస్తాతో, లారీకి వాల్చిన చెక్క మీద నడిచి ఎక్కేవాడు. చెక్క ఊగేది గాని ఆయన ఊగేవాడు కాదు. సారు ఆయన కోసమే యార్డుకు పోయేవాడు. "ఆగకు" అని చెప్పే పని లేని మనిషి జనగామలో అతనొక్కడే అని అందరితో చెప్పేవాడు. ఎల్లస్వామి ఆ పొగడ్తకు పైకి విసుక్కున్నా, సారు వచ్చిన రోజున చెక్క మీద ఒక అడుగు దర్జాగా వేసేవాడని తోటి హమాలీలు అంటారు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. పోయిన వానకాలం చివర, పొద్దున చాయ తాగుతుంటే గ్లాసు జారింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాట వినడం మానేశాయి. వరంగల్ దవాఖానలో ఉంచి ఇంటికి పంపుతూ డాక్టరమ్మ కళ్యాణికి గట్టిగా చెప్పింది. చెయ్యి కొంత వచ్చింది, కాలు కూడా వస్తుంది, కాని నడిపించాలి. ఈ నాలుగు నెలలు కూర్చోబెడితే ఆ కాలు ఇక లేనట్టేనని చెప్పింది.

కళ్యాణి అన్నింటికీ తలూపి వచ్చింది. కాని నడవాల్సిన మనిషి ఒప్పుకోవాలి కదా. ఎల్లస్వామి ఇంటి ముందు అరుగులాంటి గద్దె మీద మంచం వేయించుకొని కూర్చున్నాడు, లేవనన్నాడు. బతిమాలితే ముఖం పక్కకు తిప్పుకొని ఒకటే మాట అన్నాడు. "నా నడక సూసినోళ్లకు గీ నడక సూపియ్య బిడ్డా." కాలు ఈడ్చుకుంటూ గల్లీలో నడిచే తండ్రిని తలుచుకుంటే కళ్యాణికే మనసొప్పలేదు. ఆయనను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకుంది. ఆమె చేసిన పొరపాటు అదే.

ఆ పొరపాటులో చుట్టాలంతా తలా ఒక చెయ్యి వేశారు. చూడవచ్చిన ప్రతివాళ్లూ బ్రెడ్డు, బత్తాయిలు పక్కన పెట్టి "లేవకు, లేవకు, పండుకో" అనేవాళ్లు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే కళ్యాణి భర్త యుగేందర్ వారానికోసారి వచ్చేవాడు. మామ మీద ప్రేమతో చక్రాల కుర్చీ తెచ్చాడు. గూడూరు నుంచి ఎల్లస్వామి పెద్దక్క యాకమ్మ పావురాన్ని తెచ్చింది. పావురం నెత్తురు రాస్తే పడిన కాలు లేస్తుందని ఆమె నమ్మకం. సంచి మూతి విప్పగానే పావురం ఎగిరి పందిరెక్కింది. ఆ రోజు ఆ ఇంట్లో కదిలింది అదొక్కటే. కళ్యాణి కూడా తక్కువ తినలేదు. నీళ్లు, గోలీలు, టీవీ రిమోటు, వీపు గోకే పుల్ల, అన్నీ తండ్రి కుడిచేతికి అందేలా అమర్చింది. ఎంత ప్రేమగా అమర్చిందంటే ఆ మనిషికి లేవవలసిన అవసరమే లేకుండా పోయింది.

అప్పుడు వచ్చాడు సారు. బ్రెడ్డు లేదు, బత్తాయి లేదు. చేతిలో అట్ట, పెన్సిల్. గద్దె ముందు నిలబడి ఎగాదిగా చూశాడు.

"ఏంది ఎల్లస్వామీ, కుండ లెక్క కూసున్నవ్."

"పక్షవాతం వచ్చింది సారూ" అన్నాడు ఎల్లస్వామి నేల చూస్తూ.

"వచ్చింది కాలుకు గద. మొత్తం మనిషివి ఎందుకు కూసున్నవ్."

యాకమ్మకు ఒళ్లు మండింది. "ఏం పెద్దమనిషివయ్యా నువ్వు. సూడ వచ్చినోడివి గిదేనా మాట్లాడేది."

"సూడ రాలే అక్కా, గీద్దామని వచ్చిన. కుండలు గీసుడు ఎన్నడో ఇడిసిపెట్టిన. లేస్తే గీస్త. లేకుంటే గీ గల్లిల నాకేం పని" అని సారు వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు చక్రాల కుర్చీ చూసి, "సక్రాలు నాకు సక్కగ రావు" అని కూడా అన్నాడు.

పుండు మీద కారం చల్లినట్టయింది. ఎల్లస్వామి కుడిచేత్తో మంచానికి ఆనించిన కర్ర అందుకున్నాడు. "నన్ను కుండ అంటవా" అంటూ లేచాడు. లేచి, కర్ర ఎత్తబోయి, ఎత్తితే పడతానని తెలిసి దాన్ని నేల మీద పొడిచి, ఒక అడుగు వేశాడు. ఎడమ కాలు గద్దె మీద గీరుకుంటూ వెనకే వచ్చింది. ఇంకో అడుగు వేశాడు. సారు ముఖం ఇటు పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ, పెన్సిల్ ఆడిస్తూ "ఆగకు, ఆగకు" అంటున్నాడు. గద్దె అంచు దాకా వచ్చి ఎల్లస్వామి ఆయాసంతో గోడ పట్టుకున్నాడు. కళ్యాణి ఉరికి పట్టుకొని కూర్చోబెట్టింది.

"రేపటి సంది నా హోటల్‌కు రాకుండ్రి సారూ" అంది. "మీ బొమ్మల పిచ్చికి మా నాయినే దొరికిండా."

"రాను బిడ్డా" అన్నాడు సారు. "హోటల్‌కు రాను. గల్లికి వస్త."

అన్నట్టే మర్నాడు వచ్చాడు. కళ్యాణి హోటల్ వెనక తలుపు తీస్తే ఆ గల్లీ, గల్లీ చివర ఇల్లు. పెనం ముందు నుంచి అంతా కనిపిస్తుంది. సారును చూడగానే ఆమె అట్లకాడ పట్టుకొనే బయలుదేరబోయి ఆగిపోయింది. ఎన్నాళ్ల నుంచో బనియన్‌తోనే గడుపుతున్న తండ్రి చొక్కా వేసుకొని ఉన్నాడు. కర్ర ముందే చేతిలో ఉంది. ఆయన సారు కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆ రోజు గద్దె దిగాడు. తర్వాత పక్కింటి వాకిలి దాకా, ఆ తర్వాత కరెంటు స్తంభం దాకా. తిట్లు మాత్రం తగ్గలేదు. "ఆగు, నీ సంగతి చెప్త" అని ఈయన, "ఆగకు" అని ఆయన. ఒక ముసలాయన కర్రతో ముందుకు, ఇంకో ముసలాయన అట్టతో వెనక్కి. రోజురోజుకూ సారు రవ్వంత దూరం జరిగి నిలబడుతున్నాడని కళ్యాణి కనిపెట్టింది. ఇది తెలియని ఆటో శ్యాం ఒకనాడు నిజంగా కొట్లాటే అనుకొని అడ్డం వచ్చి కర్ర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి అతణ్ని తిట్టిన తిట్లకు పాపం ఆటో అక్కడే వదిలేసి పోయాడు.

నెల తిరిగేసరికి ఎడమ కాలు గీరుకోవడం మాని నేలను తాకి లేవడం మొదలుపెట్టింది. యాకమ్మ అది పావురం మహిమే అని చెప్పి ఊరికి పోయింది. నెత్తురు రాయకున్నా చూపు తగిలిందట. కళ్యాణి ఏమీ అనకుండా ఒక పొద్దున సారు బల్ల మీద దోశ పెట్టింది. సారు కూడా ఏమీ అనకుండా వచ్చి తిన్నాడు.

కాని ఆమెకు ఒక అనుమానం మిగిలిపోయింది. బస్సు ఆగేలోపు పదిమందిని గీసే చెయ్యి, ఇన్ని రోజులైనా తన తండ్రి బొమ్మ ఒక్కటీ చూపించలేదు. అడిగితే "ఎడమ కాలు ఇంక కుదుర్తలేదు" అంటాడు. ఇంకోసారి అడిగితే "కర్ర వంకర పోయింది" అంటాడు. కోతిని, కోతి వెంట ఉరికే శ్రీపాల్‌ను ఒక్క గుక్కలో గీసిన మనిషికి కర్ర కుదరకపోవడమేమిటి.

ఒక పొద్దున చట్నీ గిన్నె కోసం ఇంటికి పోయి వస్తూ ఆమె గల్లీలో వాళ్ల పక్క నుంచే నడిచింది. రాత్రి వాన పడి నేలంతా చిత్తడిగా ఉంది. ఒక పక్క మూత లేని మురికినీళ్ల మోరి. సారు వెనక్కి నడుస్తూ పెన్సిల్ ఆడిస్తున్నాడు. కళ్యాణి ఆ పెన్సిల్ వైపు చూసి తన కళ్లనే నమ్మలేదు. ములికి పైకి ఉంది. కాగితం మీద తిరుగుతున్నది వెనక ఉండే రబ్బరు. కాగితం తెల్లగా ఉంది. సారు చూపు కాగితం మీద లేనే లేదు, ఎల్లస్వామి ఎడమ పాదం మీద ఉంది. అట్ట మోచేతి వంపులో ఆని ఉంది, ఆ చేతి వేళ్లు ఏ క్షణమైనా ముందుకు చాచేందుకు విప్పుకొని ఉన్నాయి. అంతలో ఆ పాదం జారనే జారింది. అట్ట ఎటో పడింది, సారు రెండు చేతులూ ఎల్లస్వామి చంకల కింద ఉన్నాయి. "ఏం కాలే, ఆగకు" అంటున్నాడు.

దోశ పెట్టేటప్పుడు కళ్యాణి నెమ్మదిగా అంది. "సారూ, పెన్సిల్ తిరగేసి పట్టుకున్నరు."

సారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. గీస్తే కన్ను కాయితం మీద పెట్టాలె. కాయితం మీద పెడితే మీ నాయిన కింద పడతడు. ఉత్తగ సూసుకుంట నడిస్తే, పాపం అని నడిపిస్తుండ్రనుకొని కూసుంటడు. గందుకే."

"మరి ఇన్ని దినాలు ఒక్క గీత గూడ..."

"ఒక్కటి గూడ లేదు." సారు దోశ తుంచి నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "గసుంటి నడక నా జిందగీల సూడలే. ఒక కాలు భయపడుతది, ఒక కాలు ధైర్యం చెప్తది. నా కండ్ల ముంగటనే రోజు పోతున్నది, గీయకుంట ఇడిసిపెడుతున్న. నా బాధ నీకేం ఎర్క."

కళ్యాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మనిషిని తన హోటల్‌కు రావద్దన్నందుకు సిగ్గేసింది. ఆ మాట చెప్పడం చేతగాక ఇంకో దోశ వేసి పెట్టింది. సారు దాన్ని కూడా చల్లారబెట్టాడు.

చలికాలం పోయి ఎండ చురుక్కుమంటున్న రోజుల్లో, ఒక పొద్దున ఎల్లస్వామి గల్లీ దాటి, వెనక తలుపు గడప దాటి, హోటల్లోకి వచ్చాడు. ముందు సారు వెనక్కి నడుస్తూ వచ్చాడు, తర్వాత ఆయన. టిఫిన్ చేస్తున్న హమాలీలు చెయ్యి కడుక్కోకుండానే లేచారు. ఎవరూ "కూసో, కూసో" అనలేదు. ఒకతను బల్ల మాత్రం కొంచెం దగ్గరికి జరిపాడు. తన నడక ఎవరికీ చూపించనన్న మనిషి అందరి ముందూ నడిచి, తనంతట తానే బల్ల మీద కూర్చొని, "రెండు ఇడ్లీలెయ్యి బిడ్డా" అన్నాడు. రెండడిగితే కళ్యాణి నాలుగు వేసి పెట్టింది.

సారు చెయ్యి కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు. ఎవరికీ చెప్పొద్దని సారు అన్నా, కళ్యాణికి కడుపులో దాచుకోవడం కష్టంగా ఉంది. చేసిన మేలు తండ్రికి తెలియకపోతే ఎట్లా అనిపించింది. మాట కొస పట్టుకొని లాగుదామని, "నాయినా, సారు గీసిన నీ బొమ్మ సూసినవా" అంది.

ఎల్లస్వామి, సారు వస్తున్నాడేమోనని తలుపు వైపు చూశాడు. చూసి, ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"బొమ్మ లేదు, గిమ్మ లేదు. పెన్సిల్ తిరగబడ్డది గూడ సూసుకుంటలేడు మనిషి. నేను మొదటి దినమే సూసిన. పెద్దతనం వచ్చింది, ఏం జేస్తం."

"మరి నువ్వు రోజు ఎందుకు పోతున్నవ్."

"ఎందుకేంది. గా పిచ్చి సారు ఎనకకు నడుస్తడు, మోరి సూడడు, రాయి సూడడు. పడితే గా వయసుల నడుం ఇరుగుతది. ఎవలన్న ముంగట ఉండి కాయాలె గద." ఎల్లస్వామి ఇడ్లీ తుంచి చట్నీలో ముంచాడు. "గా వాన పడ్డనాడు సూడలేదా, మోరి అంచుకు పోయిండు. నేను మీదికి ఒరిగి పట్టుకోకపోతే అండ్ల పడెటోడు. నువ్వేం అనకు బిడ్డా, మనసు కష్టపెట్టుకుంటడు."

కళ్యాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పెనం వైపు తిరిగింది. ఆమె భుజాలు ఎందుకు అదురుతున్నాయో ఎల్లస్వామికి అర్థం కాలేదు.

సారు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇగ నడువ్ ఎల్లస్వామీ. ఇయ్యాల మార్కెట్ యార్డు దాంక."

"నువ్వు సూసి నడువ్ సారూ, రోడ్డు మీద లారీలుంటయ్" అని ఎల్లస్వామి కర్ర అందుకున్నాడు.

ఇద్దరూ రోడ్డు పట్టారు. ఒకరు వెనక్కి, ఒకరు ముందుకు. సారు చెయ్యి ఎల్లస్వామి వైపు కొంచెం చాచి ఉంది, ఎల్లస్వామి చెయ్యి సారు వైపు కొంచెం చాచి ఉంది. వడ తింటున్న ఆటో శ్యాం వాళ్లను చూసి తల గోక్కున్నాడు.

"అక్కా, ఎవలు ఎవల్ని నడిపిస్తుండ్రు."

"నాకు గూడ ఎర్క లేదు తమ్మీ" అంది కళ్యాణి. "నువ్వు వడ తిను. వాళ్ల నడుమకు మాత్రం పోకు."